హుజూరు, హాజరు, హజారు

ఇంగ్లీషులో 'గ్ల' అని మొదలయ్యే మాటలు చాలావరకు వెలుగునో మెరుపునో చెబుతాయి. గ్లో, గ్లీమ్, గ్లిట్టర్, గ్లిమ్మర్, గ్లేర్, గ్లాస్ అన్నీ అలాంటివే. 'స్న' అని మొదలయ్యేవి ముక్కు చుట్టూ తిరుగుతాయి. స్నోర్ అంటే గురక పెట్టడం, స్నిఫ్ అంటే వాసన చూడటం, స్నీజ్ అంటే తుమ్మడం, స్నౌట్ అంటే జంతువు మూతి. ఇదంతా కాకతాళీయమా, లేక అక్షరాల్లోనే ఏదైనా అర్థం ఉందా? ఈ ప్రశ్న వేల ఏళ్లుగా పండితులను కుదురుగా ఉండనివ్వలేదు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలై, తెలుగు పాఠం, ఇంగ్లీషు పాఠం ఎదురెదురు పేజీల్లో అచ్చయి వచ్చాక ఇది ఉపాధ్యాయుల ప్రశ్న కూడా అయింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమనున్న హుజూర్‌నగర్‌లో ఇద్దరు ఉపాధ్యాయులు దీని మీద వాదించుకుంటున్నట్టు ఊహించి రాసిన సంవాదమిది. మనుషులు కల్పితం. వాళ్లు చూపే సాక్ష్యాలు కల్పితం కావు.

ఇంగ్లీషు సారు: మొదట నా పక్షం చెబుతాను సార్. పిల్లలతో ఇంగ్లీషు మాటలను ఒక్కొక్కటిగా బట్టీ పట్టించడం కన్నా, ఒకే అక్షరాలున్నవాటిని గుంపుగా చూపిస్తే త్వరగా పట్టుబడతాయి. అది వీలయ్యేది అక్షరాలకూ అర్థానికీ సంబంధం ఉంది కాబట్టే. ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. అనంతానికి గుర్తు పెట్టిన గణితవేత్త జాన్ వాలిస్ 1653లోనే లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఇలాంటి గుంపుల జాబితా ఇచ్చాడు. డబ్ల్యూ, ఆర్ అక్షరాలతో మొదలయ్యే మాటల్లో మెలిక, వంకర అనే అర్థం ఉందన్నాడు. పిండటం, కుస్తీ పట్టడం, మణికట్టు, ఈ మూడింటికీ ఉన్న ఇంగ్లీషు మాటలు ఆ అక్షరాలతోనే మొదలవుతాయి. తర్వాత లాహోరులో ఇంగ్లీషు బోధించి, 1937లో గుజరాతీ, తెలుగు అధ్యయనం కోసం మళ్లీ మన దేశానికి వచ్చిన భాషావేత్త జె. ఆర్. ఫర్త్ ఇలాంటి అక్షరగుచ్ఛాలకు 1930లోనే 'ఫోనెస్తీమ్' అని పేరు పెట్టాడు. 2004లో బెంజమిన్ బెర్గెన్ ప్రయోగం చేసి చూశాడు. అక్షరాలు మాత్రమే కలిసిన జంట కన్నా, అర్థం మాత్రమే కలిసిన జంట కన్నా, గ్లిట్టర్–గ్లో లాగా రెండూ కలిసిన జంటలో మొదటి మాట చూపిస్తే రెండో మాటను మనుషులు త్వరగా గుర్తుపట్టారు. ఇంత సాక్ష్యం ఉండగా అక్షరాల్లో అర్థం లేదని ఎలా అంటారు?

తెలుగు సారు: మీ జాబితా బాగుంది. కానీ అది ఏరి తెచ్చిన జాబితా. గ్లోవ్ అంటే చేతి తొడుగు, గ్లూ అంటే జిగురు, గ్లోబ్ అంటే గోళం. వాటిలో మెరుపెక్కడిది? స్నో, స్నేక్, స్నెయిల్ కూడా 'స్న'తోనే మొదలవుతాయి. మంచుకూ, పాముకూ, నత్తకూ ముక్కుతో ఏం పని? తెలుగులోనూ ఇలాంటి ఆట ఆడవచ్చు. మినుకు, మిణుగురు, మిలమిల, మిరుమిట్లు, పక్కనే మెరుపు, మెరుగు. 'మి' అంటే వెలుగు అని రేపే ఒక సిద్ధాంతం లేవదీయవచ్చు. అప్పుడు మింగు, మిగులు, మిట్ట, మిడత, మిరపకాయ ఎక్కడికి పోతాయి? మన పక్కనున్న మిర్యాలగూడ పేరులోనూ 'మి' ఉంది. అంతమాత్రాన ఆ ఊరికి మెరుపుల ఊరని అర్థం చెబుతామా? కలిసినవాటిని లెక్కపెట్టి, కలవనివాటిని వదిలేస్తే ఏ అక్షరానికైనా ఏ అర్థమైనా అంటగట్టవచ్చు.

ఇంగ్లీషు సారు: మినహాయింపులున్నాయని మొగ్గునే కొట్టేస్తే ఎలా సార్? వానాకాలంలో వాన పడని రోజులూ ఉంటాయి, అయినా దాన్ని వానాకాలమే అంటాం. గ్లోవ్, గ్లూ ఉన్నా 'గ్ల' గుంపులో వెలుగు మాటల వాటా మామూలుగా ఉండాల్సినదాని కన్నా ఎక్కువే. అదీగాక అక్షరాలకు అర్థం ఉందని మీరే రోజూ తరగతిలో చెబుతున్నారు. ఆగు–ఆపు, ఊగు–ఊపు అని బోర్డు మీద రాస్తారు. 'గు' ఉంటే పని తనంతట జరుగుతుంది, 'పు' ఉంటే మనం చేయిస్తాం అంటారు. అది అక్షరానికి అర్థం చెప్పడం కాదా?

తెలుగు సారు: మంచి చోట పట్టుకున్నారు. మన తగువంతా అక్కడే ఉంది. 'గు'తో ముగిసే ప్రతి మాటకూ ఆ అర్థం ఉందని నేను చెప్పను. తాగు, అడుగు కూడా 'గు'తోనే ముగుస్తాయి. తాగడం తనంతట జరిగేది కాదు, ఎవరో ఒకరు దేన్నో ఒకదాన్ని తాగాలి. నేను చెప్పేది జంట గురించి. ఆగులో 'గు' తీసి 'పు' పెడితే అర్థం ఎటు మారిందో, ఊగు ఊపు అయినప్పుడూ అటే మారుతుంది. వంగు–వంచు, మునుగు–ముంచు, పెరుగు–పెంచు జంటల్లో పక్కన చేరేది 'పు' కాదు, 'చు'. అయినా మార్పు దిశ అదే. తిరుగు, తిప్పు, తిరగలి ఒకే ధాతువు చుట్టూ నిలబడతాయి. తెలుగు ధాతువులను ఇలా విడదీసి, ఏ ప్రత్యయం ఎక్కడ చేరిందో చూపించినవారు భద్రిరాజు కృష్ణమూర్తి. ఆ వివరాలున్న ఆయన పుస్తకం 1961లో వచ్చింది. ఇక్కడ కలిసిన భాగాన్ని తీసేస్తే మిగిలిన భాగానికీ ఉనికి ఉంటుంది, అది వేరే ప్రత్యయంతో మళ్లీ కనిపిస్తుంది. గ్లోలో 'గ్ల' తీసేస్తే మిగిలేది 'ఓ'. దానికి అర్థం లేదు, ఇంకో మాటలో అది వెలుగుకు సంబంధించి మళ్లీ కనిపించదు. అందుకే ఆ రెండూ ఒక జాతి విషయాలు కావు.

ఇంగ్లీషు సారు: అంటే విడదీయగలిగితేనే అర్థం ఉన్నట్టు అంటారా? అలా అయితే మన ఊరి పేరు సంగతేమిటి? హుజూర్ అనే మాటను ముక్కలు చేయలేం కదా.

తెలుగు సారు: చేయగలం, కాకపోతే అరబ్బీ పద్ధతిలో చేయాలి. అక్కడ ధాతువంటే మూడు హల్లులు. వాటి మధ్య అచ్చులు మారుస్తూ మాటలు పుట్టిస్తారు. హ, జ, ర అనే మూడింటికి ఎదుట ఉండటం అని అర్థం. అరబ్బీలో 'ద'కు దగ్గరగా పలికే హల్లు ఫారసీ, ఉర్దూల నోట 'జ' అయింది. సన్నిధి అంటే హుజూర్, ఎదుట ఉన్నవాడు హాజిర్, గౌరవంగా పిలిచే మాట హజ్రత్. ఊరి పేరులోని హుజూరూ, పొద్దున్నే బడిలో వేసే హాజరూ ఒకే ధాతువు బిడ్డలు. హుకుం, హాకీము, హుకూమత్, మహకమా కూడా అంతే. ఉత్తర్వు, అధికారి, ప్రభుత్వం, కచేరీ అన్నీ మూడు హల్లుల నుంచి వచ్చాయి. ఇక్కడ మీ మాటే నిజం, అక్షరాలు కలిస్తే అర్థం కలిసింది. కానీ వెంటనే హజార్ అనే మాట చూడండి. వెయ్యి అని అర్థం. చెవికి అవే హ, జ, ర. అది అరబ్బీ కాదు, ఫారసీ సంఖ్యావాచకం. ఉర్దూలో రాస్తే దానిలోని 'హ' వేరు, 'జ' వేరు. తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోయి, చుట్టం కానిది చుట్టంలా కనిపిస్తుంది. మీ వాలిస్ గుంపుకూ ఇదే గతి పడుతుంది. పిండడానికి రింగ్, ఉంగరానికి రింగ్ అని తెలుగులో రాశాక డబ్ల్యూ ఏది? కాబట్టి ఏ అక్షరం, ఏ లిపిలో, ఏ భాషలో అని అడగకుండా అక్షరాలు కలిశాయనడానికే వీల్లేదు.

ఇంగ్లీషు సారు: అది లిపి చేసిన తికమక సార్. చెవికీ, అర్థానికీ రెండింటికీ దగ్గరైతే చుట్టరికం ఉన్నట్టే కదా? వసూలు, మహసూలు తీసుకోండి. రెండూ డబ్బు రాబట్టే మాటలే, రెండింటి చివరా 'సూలు' ఉంది.

తెలుగు సారు: మీ ఉదాహరణే మీకు అడ్డం తిరుగుతుంది. మహసూలు ధాతువు హ-స-ల, చేతికందడం. తహసీలు, హాసిలు కూడా అక్కడివే. వసూలు ధాతువు వ-స-ల, చేరడం. అర్థాలు ఒకచోట కలిశాయి, ప్రాస కుదిరింది, రెవెన్యూ కచేరీలో రెండూ పక్కపక్కనే వాడారు, అయినా చుట్టాలు కావు. చెవికి దూరంగా వినిపించే తహసీలు మాత్రం మహసూలుకు సొంత చుట్టం. ఇంగ్లీషు క్యాష్, మన కాసు కూడా ఇంతే. నగదు అనే క్యాష్ డబ్బుపెట్టెకున్న ఫ్రెంచి, ఇటాలియన్ మాటల నుంచి వచ్చింది. కాసు మన దక్షిణాది నాణెం. మన నాణేన్ని చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు క్యాష్ అనే ఇంకో మాట కూడా వాడారు, అది వేరే దారిన వచ్చి మొదటిదానితో రూపం కలుపుకొంది. పోలిక ఎంత దగ్గరగా ఉంటే అంత జాగ్రత్తగా విచారించాలని ఇవన్నీ చెబుతున్నాయి.

ఇంగ్లీషు సారు: మీరు ప్రతిసారీ పుట్టుక అడుగుతున్నారు. మాట్లాడేవాడికి పుట్టుకతో పనిలేదు. సరే, చరిత్రే కావాలంటే చరిత్రలోనే చూపిస్తాను. తుమ్మడానికి పాత ఇంగ్లీషులో ఉన్న మాట 'స్న'తో కాదు, 'ఫ్న'తో మొదలయ్యేది. ఇంగ్లీషులో 'ఫ్న' అనే జంట కాలం చెల్లిపోయింది. అప్పుడా మాట పోయి ఎక్కడ చేరింది? గురక, వాసన చూడటం ఉన్న 'స్న' గుంపులో చేరి స్నీజ్ అయింది. గ్లామర్ చూడండి. అది గ్రామర్ అనే మాటకు స్కాట్లాండులో ఏర్పడిన రూపాంతరం. చదువంటే మంత్రవిద్య అని జనం అనుకున్న రోజుల్లో కళ్లకు కట్టే గారడీ అని దానికి అర్థం. 'ర' పోయి 'ల' వచ్చి 'గ్ల' గుంపు పక్కన నిలబడింది, ఇప్పుడు తళుకుబెళుకులకు అదే మాట. పుట్టుకలో లేని చుట్టరికాన్ని మాటలు తెచ్చుకుంటున్నాయంటే అక్షరాల్లో లాగే శక్తి ఏదో ఉన్నట్టే కదా?

తెలుగు సారు: లాగే శక్తి ఉందని ఒప్పుకుంటాను. ఇప్పటిదాకా నేను పుట్టుకా, కాకతాళీయమా అని రెండే దారులు చూపించాను. మీరు చూపించింది మూడోది, అది నిజమైనదే. కానీ ఆ శక్తి ఎక్కడుందో చూడండి. 'స్న' అనే ధ్వనిలోనే ముక్కు ఉంటే తుమ్ము మాట మొదటి నుంచీ 'స్న'తోనే పుట్టాలి. అలా పుట్టలేదు. ముందు ముక్కుకు సంబంధించిన మాటలు కొన్ని, ఎక్కువగా పాత ధాతువుల పుణ్యమా అని, ఒకచోట చేరాయి. గుంపు కుదిరాక కొత్త మాట దాని వైపు జరిగింది. 'గ్ల' గుంపులోనూ గ్లాస్, గ్లో, గ్లీమ్ లాంటివి మెరుపును చెప్పే ఒక ప్రాచీన ధాతువు నుంచి వచ్చినవే. ఆ ధాతువు నుంచే గోల్డ్, ఎల్లో కూడా వచ్చాయి. వాటిలో 'గ్ల' మిగల్లేదు. పుట్టుకతో చుట్టాలైనవి గుంపు బయట పడ్డాయి, పుట్టుకతో సంబంధం లేని గ్లామర్ లోపలికొచ్చింది. అక్షరం మాటలకు అర్థం ఇవ్వలేదు, అర్థం కలిసిన మాటల గుంపే అక్షరానికి అర్థం ఇచ్చింది. మీరు పేరెత్తిన ఫర్త్ కూడా దీన్ని ధ్వనిలో పుట్టుకతో ఉన్న గుణంగా చూడలేదు, ఒక భాష మాట్లాడేవాళ్ల అలవాటుగానే చూశాడు. బెర్గెన్ ప్రయోగం కొలిచిందీ ఇంగ్లీషు వచ్చినవాళ్ల అలవాటునే.

ఇంగ్లీషు సారు: అలవాటే అయితే అది ఒక్క భాషలో ఆగిపోవాలి. 2016లో డామియన్ బ్లాసీ, ఆయన సహచరులు వేల భాషల మాటల పట్టికలు తీసి చూశారు. ముక్కును చెప్పే మాటల్లో 'న', నాలుకను చెప్పే మాటల్లో 'ల', ఇసుకలో 'స', చిన్నదనంలో 'ఇ' ఉండాల్సినదాని కన్నా ఎక్కువసార్లు వచ్చాయి. ఒకదానికొకటి సంబంధం లేని కుటుంబాల్లోనూ ఇదే తేలింది. మన నాలుకలో 'ల' ఉంది, ఇసుకలో 'స' ఉంది, చిన్నలో 'ఇ' ఉంది. దీనికేమంటారు?

తెలుగు సారు: ఆ పరిశోధనను కాదనను. అదే పట్టికలో రాయికి 'ట' కూడా ఉంది. మన రాయిలో 'ట' లేదు. ముక్కులో 'న' లేదు. అయిదు మాటల్లో మూడు కలిసి రెండు కలవలేదంటే, అది వేల భాషల మీద సన్నగా కనిపించే మొగ్గు, ఒక్క మాటకు అర్థం చెప్పే తాళంచెవి కాదు. నోటి తీరు వల్ల కొన్ని ధ్వనులు కొన్ని అర్థాలకు కాస్త అనువుగా ఉంటాయేమో. అంతమాత్రాన 'గ్ల' ఇంగ్లీషులో చేసే పని తెలుగులో చేయదు, 'మి' తెలుగులో చేసే పని తెలుగువాడు చెప్పకుండా ఇంగ్లీషువాడికి తెలియదు.

ఇంగ్లీషు సారు: మన సంప్రదాయమే మీకు ఎదురు నిలుస్తుంది సార్. నిరుక్తం రాసిన యాస్కుడు, ఒక్క అక్షరమో వర్ణమో కలిసినా దాని ఆధారంగా మాటకు వ్యుత్పత్తి చెప్పాల్సిందే, చెప్పకుండా వదలకూడదు అన్నాడు కదా.

తెలుగు సారు: అన్నాడు. అక్కడే దానికి ముందు అర్థాన్ని పట్టుకునే పరీక్షించాలనీ అన్నాడు. అర్థం మొదట, అక్షరం ఆఖరి ఆసరా. ఆ ఆసరాను మొదటి మెట్టు చేసుకుంటే ఏమవుతుందో ఏడో శతాబ్దంలో కుమారిలభట్టు తంత్రవార్తికంలో చూపించాడు. ద్రావిడ భాషల మాటలకు సంస్కృతం చివర్లు తగిలించి అర్థాలు తీసేవాళ్లను ఆక్షేపించాడు. అన్నాన్ని చెప్పే 'చోర్' వాళ్ల చేతిలో దొంగ అయింది, పామును చెప్పే 'పాప్' పాపం అయింది, కడుపును చెప్పే 'వైర్' శత్రుత్వం అయింది. అక్షరాలు కలిశాయి, అర్థాలు గంగలో కలిశాయి. ఆ తప్పును పద్ధతిగా సరిదిద్దిన పని మన తెలుగు మీదే జరిగింది. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ ఒక రుజువు లాంటి వ్యాసం జతచేశాడు. సంస్కృత ధాతువులను, తెలుగు ధాతువులను ఒకే అక్షరం కింద పక్కపక్కన నిలబెట్టాడు. అక్షరాలు కలిసినా అర్థాలు కలవలేదు. తర్వాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టాడు. అర్థాలతో సహా కలిశాయి. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని అలా తేలింది. అందులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి సమకూర్చిన తెలుగు ధాతువుల పట్టికే ఆయనకు ఆధారం. ఒక్క మాట చూసి తీర్పు చెప్పలేదు, నిలువు వరుస మొత్తం చూశారు.

ఇంగ్లీషు సారు: అయినా అక్కడ కూడా అక్షరాలు కలవడమే కదా రుజువు?

తెలుగు సారు: కలవడం కాదు, ఒక పద్ధతిలో తేడా ఉండటం రుజువు. మన చెవి కన్నడంలో కివి. మన చెడు కన్నడంలో కెడు. మన చెరువు కన్నడంలో కెరె. ఇ, ఎ అచ్చుల ముందు పాత 'క' తెలుగులో 'చ' అయింది. మన నియోజకవర్గంలోని మేళ్లచెరువు పేరులో ఉన్న చెరువుకూ, బెంగళూరులో అరెకెరె లాంటి పేటల పేర్లలో ఉన్న కెరెకూ మొదటి అక్షరమే కలవదు, కానీ చుట్టరికం గట్టిది. ఇంగ్లీషులో పెడల్, పెడెస్ట్రియన్ మాటల్లో ఉన్న 'పెడ్' అంటే పాదం. మన పాదం అనే సంస్కృత పదానికి అది సొంత చుట్టం, పైగా ఫుట్ కూడా ఆ ఇంటిదే. అదే అక్షరాలున్న పీడియాట్రిక్స్‌లోది గ్రీకు మాట, దానికి పిల్లవాడని అర్థం. పాదం అనుకుని చదివిన పిల్ల, పిల్లల డాక్టరును కాళ్ల డాక్టరు చేసేస్తుంది.

ఇంగ్లీషు సారు: మీ వాదం చాలావరకు ఒప్పుకుంటున్నాను. రెండు మాటలు మాత్రం వదలను. అలవాటు అన్నంత మాత్రాన అది తక్కువది కాదు, భాష మొత్తం మనుషుల అలవాటే. రెండోది, ఇన్నాళ్లూ తెలుగు మీడియంలో చదివి ఇప్పుడు సైన్సు, లెక్కలు ఇంగ్లీషులో చదవాల్సి వచ్చిన పిల్లకు చరిత్ర పాఠం చెప్పే తీరిక లేదు. గుంపులు కట్టి నేర్పడం తప్ప నాకు వేరే దారి లేదు. మినహాయింపులు ముందే చెబితే ఉన్న పట్టు కూడా జారిపోతుంది.

తెలుగు సారు: మొదటిది పూర్తిగా ఒప్పుకుంటాను. గుంపులు కట్టవద్దని రెండోదానికీ అనను. అలవాటును అలవాటుగా నేర్పండి, నియమంగా నేర్పకండి. రెండింటికీ తేడా చెప్పడానికి చరిత్ర అక్కర్లేదు, ఒక్క పరీక్ష చాలు. ఇంతవరకూ వినని మాట ఇచ్చి అర్థం అడగండి. ఆగు–ఆపు, ఊగు–ఊపు తెలిసిన పిల్లకు వంగు–వంచు చూపించి, మునుగు–ముంచులలో మనం చేయించే పని ఏదని అడిగితే ముంచు అని తనే చెప్పగలదు. అది నియమం. గ్లో, గ్లీమ్, గ్లిట్టర్ తెలిసిన పిల్లను గ్లూ అంటే ఏమిటని అడిగితే మెరిసేదేదో అని తప్పు చెబుతుంది. అది గుర్తుకు ఆసరా, అంతే. అందుకే గ్లో పక్కన గ్లూ కూడా అదే రోజు బోర్డు మీద ఉండాలి. గ్లూ ముందే చూసిన పిల్ల పట్టు జారిపోదు. గ్లూ చూడకుండా పరీక్ష గదిలోకి వెళ్లిన పిల్ల, అర్థం తెలియని ప్రతి మాటకూ అక్షరాలు చూసి జవాబు రాస్తుంది, అది తప్పని ఆమెకు చెప్పేవాళ్లు అక్కడ ఉండరు.